మందు లేని గోడ

ప్రణవి మేకుతో గోడ మీద గీసింది. పొడి రాలలేదు. ఇంకోసారి గట్టిగా గీసింది. అయినా రాలలేదు.

రాలాలి. ఆ గోడకి పూసింది ఉత్త సిమెంటూ ఇసుకే. ఖరగ్‌పూర్ ఎండకి కాలిన ఇటుకలు అందులో నీళ్ళన్నీ పీల్చేసి, ఈపాటికి పూతని పిండి చేసి ఉండాలి. పక్కనే ఉన్న రెండో గోడ పూతలో చింతగింజల జిగురు కలిపింది. ఆ జిగురు నీటిని పట్టి ఉంచుతుంది, గోడని రోజూ తడపక్కర్లేదు అన్నదే ఆమె పరిశోధన. అందుకే రెండింటికీ చుక్క నీరు పొయ్యకూడదు. తీరా చూస్తే రెండూ ఒకేలా రాయిలా ఉన్నాయి. అంటే జిగురు వల్ల ఒరిగిందేమీ లేదు!

సాయంత్రం గైడు భద్రయ్యగారు చూడ్డానికి వస్తున్నారు. ఫెలోషిప్పు ఈ నెలతో సరి.

దిగులుగా ఉత్త గోడకి చెయ్యి ఆనించింది. చల్లగా తగిలింది.

ఎవరో నీళ్ళు పోస్తున్నారు.

ముందు తట్టిన పేరు నిఖిలేష్. అదే ల్యాబు, అదే గైడు. "పండు పులుసుకి, గింజ గోడకి! ఏదీ పారెయ్యవన్నమాట," అని నిన్ననే వెక్కిరించాడు.

మధ్యాహ్నం ఝపటాపూర్ వీధంతా తలుపులు వేసుకున్నాక, ప్రణవి స్నానాల గది తలుపు సందులోంచి పెరటి మీద కన్నేసింది. పెరటి గేటు కదల్లేదు. వంటింటి తలుపు తెరుచుకుంది.

చెంబుతో జోగమ్మ వచ్చింది. ప్రణవి అద్దెకున్న ఇల్లు ఆవిడదే. గోడలకి పెరడు ఇచ్చిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించిందీ ఆవిడే. జిగురు గోడని దాటి, ఉత్త గోడ దగ్గర ఆగి మెల్లగా నీళ్ళు చల్లింది.

"మామ్మా! వద్దని చెప్పాను కదా!"

జోగమ్మ ఉలిక్కిపడి చెంబు వెనక దాచింది. "ఆ గోడకి పొయ్యలేదమ్మా, ఒట్టు! దానికి నువ్వు మందేసినావు. దీనికేటేసినావు? ఒక పిల్లకి పాలు పట్టి ఇంకోదాన్ని ఎండలో ఒగ్గేసినట్టు... సూడలేకపోనాను."

"ఎప్పట్నించి?"

"పూసిన మర్నాటి నుంచీ. గట్టిపడినాది కదా? ఠీక్ హై కదేటి?"

అరవాలనుకుంది ప్రణవి. ఆ ముఖం చూసి తలూపింది.

సాయంత్రం భద్రయ్యగారు గోడలు గీసి చూశారు. జరిగిందంతా విన్నారు.

"నిన్ను నమ్ముతానమ్మా. కానీ రిపోర్టులో ఏం రాస్తాం, ముసలమ్మ జాలిపడిందనా? మళ్ళీ పూసి చూడాల్సిందే."

"ఇవాళే పూస్తాను సర్. ఇంకొన్నాళ్ళు ఎండ కాస్తే చాలు."

ఆయన తలెత్తి ఊళ్ళో పూరీ గేట్ పేట వైపు చూశారు. అటునుంచి రుతుపవనం నల్లగా కమ్ముకొస్తోంది. ఇక దుర్గా పూజల దాకా వదలని వాన.

మొదటి చినుకులు పడ్డాయి. ప్రణవి కదల్లేదు. ఆమె కళ్ళ ముందే రెండు గోడలూ కలిసి తడిశాయి.

వంటింటి గుమ్మంలో జోగమ్మ చెంబు బోర్లించింది.

"హమ్మయ్య! ఇంక నాను పొయ్యక్కర్లేదు."