గంజి దిగిన దుప్పటి

పదకొండు గంటలకు, పనికి కుదిర్చిన ఏజెంట్ రాహిల్ వచ్చి మల్లీశ్వరిని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్తాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర.

మంచం మీద నాలుగు దుప్పట్లు పడి ఉన్నాయి. వారం కిందట మస్కట్‌లోని రువీ బజారులో కొన్నప్పుడు అట్టల్లా బిర్రుగా, నిగనిగలాడుతూ ఉండేవి. ఒక్క ఉతుకుతో దోమతెరల్లా అయిపోయాయి. అసలు దుప్పట్లు మల్లీశ్వరి మొన్న జమ్మలమడుగులోని తన ఇంటికి పంపిన కార్గో పెట్టెలో ఉన్నాయనీ, వాటి బదులు ఈ పీలికలు పెట్టిందనీ ఇంటి యజమానురాలు జైనబ్ మేడమ్ తేల్చేసింది. మల్లీశ్వరి చేతిలోంచి ఆమె ఫోన్ లాక్కుంది. రాహిల్‌కు ఫోన్ చేసి దొంగ అని చెప్పింది.

మల్లీశ్వరికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. పనిమనిషిగా చేరిన ఆరేళ్లలో, మస్కట్ పక్కన అమెరాత్‌లోని ఈ ఇంట్లో ఒక్క చెంచా పోలేదు. పైగా మగ్గం గుంట పక్కన పాకుతూ పెరిగినదాని మీద బట్టల దొంగతనమా?

అయిదో దుప్పటి ఇంకా విప్పని ప్యాకెట్‌లో ఉంది. మల్లీశ్వరి దాన్ని చింపి, అంచు చూపించింది. రెండు ఆకుపచ్చ పోగులు. ఉతికిన నాలుగింటికీ సరిగ్గా అవే. అన్ని దుప్పట్లూ అలాగే ఉంటాయని మేడమ్ కొట్టిపారేసింది.

మల్లీశ్వరి కొత్త దుప్పటిని వంటింటి తక్కెడ మీద పెట్టింది. తొమ్మిది వందల పది గ్రాములు.

“ఇక దీన్ని నేను ముట్టను. నేను ముడితే మళ్లీ మార్చానంటారు. మీరే ఉతకండి,” అంది తనకు వచ్చిన హిందీ, అరబ్బీ కలిపి.

జైనబ్ తన జన్మలో బట్ట పిండి ఎరగదు. అయినా పంతానికి పోయి వేడినీళ్ల టబ్బులో దుప్పటి ముంచి పిసికింది. రెండు నిమిషాల్లో నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. చేతులకు జిగట అంటింది.

జమ్మలమడుగులోనూ పడుగుకు గంజి పెడతారు. నేసేటప్పుడు పోగు తెగకుండా ఉండాలని. ఇది ఆ గంజి కాదు. పోగులు పల్చగా నేసి, ఆ సందుల్లో గంజీ సుద్దా దట్టించి, వేడి రోలర్ల కింద నలిపి మెరుపు తెచ్చారు. కొన్నవాడికి బట్ట కంటే పూతే ఎక్కువ దక్కింది. మల్లీశ్వరి ఇదంతా చెప్తుంటే మేడమ్ తలెత్తలేదు.

జూన్ ఎండకు మేడ మీద పావుగంటలో ఆరింది. మేడమే తెచ్చి తక్కెడ మీద పెట్టింది. ఆరు వందల నలభై. చేతిలో మరో దోమతెర.

జైనబ్‌కు కోపం వచ్చింది, దుకాణం వాడి మీద. ఫోన్‌లో వాణ్ణి పది నిమిషాలు తిట్టింది. తర్వాత గొంతు తగ్గించి, మధ్యాహ్నం మరిది కుటుంబం వస్తోందనీ, మళ్లీ గంజి పెట్టి వీటిని బిర్రుగా చేయగలవా అనీ మల్లీశ్వరిని అడిగింది.

అంతలో వాకిలి గంట మోగింది.

రాహిల్ హైదరాబాద్ మనిషి. మేడమ్ అరబ్బీలో గొణిగింది విని నవ్వాడు.

“ఏదో పొరపాటైందంట మల్లీశ్వరమ్మా. ఇగ పోయి పని చూస్కో.”

“పొరపాటని నీకు ఫోన్ చేసిందా రాహిల్ భాయ్? దొంగ అనింది గదా. ఆ మాట నా ఎదురుగా వెనక్కి తీసుకోమను. లేకుంటే పద స్టేషన్‌కే పోదాం, ఆ తక్కెడ గూడా తీసుకోని.”

రాహిల్ నవ్వు ఆగింది. ఆ మాటలు మేడమ్‌కు ఉన్నవున్నట్టు చెప్పాడు. జైనబ్ తెల్లటి జిగట ఎండిన తన వేళ్లు చూసుకుంది.

“ఈమె దొంగ కాదు,” అంది రాహిల్‌తో.

మల్లీశ్వరి చెయ్యి చాపింది. జైనబ్ ఫోన్ తెచ్చి ఆ చేతిలో పెట్టింది. తర్వాత దుప్పట్ల వైపు చూసింది.

“బియ్యం కింది అరలో ఉన్నాయి మేడమ్,” అంది మల్లీశ్వరి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “గంజి ఎలా కాయాలో చెప్తాను. చేతులు మాత్రం మీవే.”