పంటి కింద దారం

నాకు కోపం ఎక్కువని తిరుచానూరులో ఎవరినడిగినా చెప్తారు. అమ్మవారి గుడికి పోయే దారిలో పూలమ్మే కోమలిని నేనే. గంటసేపు బేరమాడి చివరికి కొనకుండా పోయేవాళ్లను ఊరికే వదిలిపెట్టను. మా ఆయన మునిరత్నం ఆటో నడుపుతాడు. ఆయనకు నోరు లేదు. ఇద్దరి నోరూ దేవుడు నాకే ఇచ్చేశాడు.

దీంతో వచ్చిన చిక్కల్లా మా పాప హేమశ్రీతోనే. పదేళ్ల పిల్ల, నాకు ఏదీ చెప్పదు. టిఫిన్ బాక్సు మూత పోగొట్టుకున్నా, లెక్కల్లో మార్కులు తగ్గినా పోయి వాళ్ల నాయన చెవిలో ఊదుతుంది. నాకు అందేసరికి అవన్నీ పాత కబుర్లు. నేను కన్నతల్లినా, ఇంట్లో అద్దెకున్నదాన్నా? ఒకరోజు ఆ మాటే మా ఆయనతో అన్నాను.

"నువ్వు అరుస్తావని బయపడతాదిమ్మే" అన్నాడు.

"నేనా అరిచేది?" అని అరిచాను.

"నువ్వు అరవంది పూలు కట్టేటప్పుడే. నోట్లో దారం ఉంటాది గదా" అని నవ్వాడు.

దారం కొస పంటి కింద బిగబట్టి కట్టడం నాకు అలవాటు. ఆయన నవ్వులాటకే అన్నాడు గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. నా బిడ్డ ఏ కష్టమొచ్చినా ముందు నా దగ్గరికి రావాలి. అంతకంటే నాకు వేరే ఆశ లేదు.

ఎండాకాలం సెలవులొచ్చాయి. హేమశ్రీకి షటిల్ బ్యాటు కావాలట. రోజూ పక్కింటి సబియా బ్యాటు అడుక్కుని ఆడుతోంది. "కొనీ మా, కొనీ మా" అని నా కొంగు పట్టుకుని తిరుగుతుంటే, "నేను కొనీను. పూలమ్ముకొని నువ్వే కొనుక్కో" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఎగిరి గంతేసింది.

నా బల్ల చివర తడిపిన గోనెపట్టా పరిచి పాపకు చోటిచ్చాను. పొద్దున్నే పది మూరల మల్లెపూల చుట్ట చేతిలో పెట్టేదాన్ని. "మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా మూర. అమ్మినాక ముందు రేపటి పూలకు దుడ్లు తీసి పక్కన పెట్టు. మిగిలిందే నీది. ముందే తినేస్తే రేపు ఖాళీ పట్టా ముందు కూర్చుంటావు" అని చెప్పాను. బుద్ధిగా తలూపింది. తన వాటా పాత పౌడరు డబ్బాలో వేసుకుంది.

మొదటి రోజు సాయంత్రం పది మూరలూ అమ్మేశాక ఇంకా పూలు మిగిలాయి. పొద్దున నేనే తప్పు కొలిచానేమో అనుకున్నాను. రెండో రోజూ మిగిలాయి. అవి కూడా అమ్మేసి డబ్బా గలగలలాడించుకుంటూ ఇంటికొచ్చింది. "సూసినావా, నీకంటే మొనగత్తె" అన్నాడు మా ఆయన. నాకూ గర్వంగానే ఉండింది, ఎందుకు దాచాలి.

మూడో రోజు చౌడేశ్వరమ్మ వచ్చింది. మా వీధి చివర ఇడ్లీలు పోస్తుంది, ఇంట్లో దేవుడి పటాలకు రోజూ పూలు మా దగ్గరే తీసుకుంటుంది. పొద్దున హేమశ్రీ దగ్గర కొన్న మూర పట్టుకుని అలాగే వచ్చింది. హేమశ్రీ అప్పుడే బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది.

"ఏమ్మే కోమలీ, మీ మూరకు ఏమొచ్చింది?" అంటూ ఆ దండ తన చేతి మీద పరిచి చూపించింది. నాలుగు వేళ్ల కురచ. "నిన్న గూడా ఇంతే. పిల్లని సూసి ఏమీ అనలేదు. నీకు తెలిసే జరగతాండాదా?"

పక్కన పూలమ్మే తాయమ్మ మెడ సాచి మరీ చూసింది. కొబ్బరికాయల అంగడివాడు నవ్వాడు. నా తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా ఈ బల్ల మీద ఎవరితోనైనా పోట్లాడి ఉంటాను గానీ, మూర తగ్గించావని ఒక్కరితో అనిపించుకోలేదు. అప్పుడే హేమశ్రీ బిందెతో వచ్చింది. చౌడేశ్వరమ్మ చేతిలో దండ చూసి ఆగిపోయింది. నా ముఖం చూసి బిందె కింద పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు నేను చూశాను. ఇప్పుడు నోరు తెరిచానంటే ఈ పిల్ల ఇక జన్మలో నాకు నిజం చెప్పదు.

గబగబా దారం అందుకుని కొస పంటి కింద పెట్టుకున్నాను. కట్టడం మొదలుపెట్టాను. రెండు మల్లెలు ఇటు, రెండు అటు, ఒక ముడి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. చౌడేశ్వరమ్మ వింతగా చూస్తోంది. బిరబిరా మూరెడు కట్టేశాను. ఆ మూరెడూ అయ్యేసరికి నోట్లో సిద్ధంగా ఉన్న తిట్లలో సగం మరిచిపోయాను. దారం తెంపి, "ఎట్ల కొలిచినావు పాపా?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నువ్వు చెప్పినట్లే మా. మోచేతి నుంచి యేలి కొస దాకా" అని తన చెయ్యి చాపింది. చిన్న చెయ్యి. నా చేతి పక్కన పెట్టి చూసుకున్నాను. ఓసి నా పిచ్చి మొహమా! నా మూర నేర్పించాను గానీ, నా చెయ్యి ఇవ్వలేదు కదా.

అక్కడితో అయిపోయేది. కానీ హేమశ్రీ నా ముఖంలోకి చూసి, ఇంకా అరవడం లేదని రూఢి చేసుకుని మెల్లగా అంది. "మొదటి రోజు నాకు తెలీదు మా. నిన్న తెలిసింది. తెలిసినా, బ్యాటు తొందరగా వస్తాదని ఊరకుండినా."

ఎవరూ అడగకుండానే చెప్పింది. నాతో. వాళ్ల నాయనతో కాదు. నాకు కోపం రావాల్సిన చోట ఏదో సంతోషం వచ్చింది, ఎలా సర్దుకోవాలో తెలియలేదు.

"మరి ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

చౌడేశ్వరమ్మ వైపు తిరిగింది. "అవ్వకు కొసరిస్తా. నా డబ్బాలో దుడ్లతో."

ఇచ్చింది. తెలిసినవాళ్లందరికీ ఇంటింటికీ పోయి ఇచ్చొచ్చింది. వచ్చి మళ్లీ దిగులుగా కూర్చుంది. "గుడికొచ్చినోళ్లు ఊర్లకెళ్లిపోయినారు గదా మా. వాళ్లది హుండీలో వేసేదా?"

"అమ్మవారికేమన్నా నువ్వు తక్కువ కొలిచినావా? కొనినోళ్లకిచ్చేది ఆమెకిస్తే లెక్క తీరిపోతాదా? ఇంకమీద వచ్చేవాళ్లకి కొసరు వెయ్" అన్నాను. ఇంకా బల్ల దగ్గరే కూర్చున్న చౌడేశ్వరమ్మ పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి హేమశ్రీ తన మూర కొలిచి, దాని మీద నాలుగు వేళ్లు పెట్టి, ఆపైన ఒక చిటికెడు కొసరు వేసేది.

డబ్బా సగం ఖాళీ అయింది. రాత్రి మా ఆయనకు జాలి పొంగుకొచ్చింది. "పోనీలే, తక్కువైంది నేనేస్తాలేమ్మే" అన్నాడు. నాకు చర్రుమంది. అరవబోయి, దిండు పక్కనున్న దారపు ఉండ కోసం వెతికాను. అది చూసి ఆయనే, "వద్దులే, వద్దులే, దాన్నే సంపాదించుకోనీ" అని అటు తిరిగి పడుకున్నాడు.

సెలవులు అయిపోవచ్చాయి. డబ్బా మళ్లీ నిండింది. ఎల్లుండి తిరుపతికి పోయి బ్యాటు కొందామని అంతా మాట్లాడుకున్నాం. ఏ రంగు పట్టీ ఉన్నది కొనాలో కూడా తేల్చేసుకుంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర మల్లెలు కుప్ప పోసుకుని ఉన్నాను. హేమశ్రీ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా చెమట. ఆటోస్టాండులో వాళ్ల నాయన ఉన్నాడు, ఆయన్ను దాటుకునే నా దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

"మా, ముందు దారం నోట్లో పెట్టుకో."

"ఏమిటికే?"

"పెట్టుకో మా. తర్వాత చెప్తా."

పెట్టుకున్నాను. బాగా బిగించానో లేదో వంగి చూసింది.

"సబియా బ్యాటు విరగ్గొట్టేసినా. గోడకు తగిలింది. ఆ పాప ఏడస్తాండాది. నా డబ్బాలో దుడ్లు కొత్త దానికి సరిపోతాయి. ఎంచి సూసినా. ఇచ్చేసొస్తా మా?"

నేను తల ఊపాను. పౌడరు డబ్బా తెచ్చుకోవడానికి ఇంటివైపు పరుగెత్తింది.

"ఏమన్నాదమ్మే పాప?" అని ఆటోస్టాండు నుంచి మా ఆయన కేకేశాడు. దారం తీస్తే ఏడ్చేస్తానని, అలాగే పంటి కింద పెట్టుకుని పూలు కడుతూ కూర్చున్నాను.