ముసలిరాణి నోరు తెరిచింది

ఆరో పుస్తకం పావగడకు చేరేసరికి కన్యకమ్మకు దాన్ని రాసినవాడి మీద గౌరవమన్నది రవ్వంత కూడా మిగల్లేదు. అయినా అది ఎప్పుడొస్తుందని మనవరాలు రశ్మిని పొద్దునా సాయంత్రం వేపుకు తిన్నది ఆవిడే.

"వచ్చిందా?"

"రేపొస్తాదంట అవ్వా."

"నిన్నా అదే చెప్పినావు. రాసేదానికి వానికి నాలుగేండ్లు, తెచ్చిచ్చేదానికి వీళ్లకు నెల. అందరూ ఒకే అయ్యవారి దగ్గర చదువుకున్నట్టుండారు."

'వాడు' అంటే ఎవడో చలిదేశపు మనిషి. అతని పేరు కన్యకమ్మకు నోరు తిరగదు, తిప్పుకోవాలన్న ఉద్దేశమూ లేదు. కళ్లు పూర్తిగా పోకముందు మొదటి పుస్తకం వెనక అట్ట మీద అతని ఫోటో చూసింది. ఇంత గడ్డం, మెడ చుట్టూ ఉన్నిగుడ్డ, ఎటో దూరంగా పెట్టిన చూపు. పని చెప్తే నడుం పట్టుకుని కూర్చునే రకమని ఆ రోజే తేల్చేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో అతని పేరు గడ్డపోడు.

గడ్డపోడు రాసినది 'ఏడేర్ల రాజ్యం' అనే పేద్ద కథ. ఏడు నదులు, ఏడు కోటలు, రెక్కల గుర్రాలు, ఒక మాయకత్తి, ఆ కత్తి భుజాన వేసుకుని ఊరూరా తిరిగే ఎడ్రాన్ అనే కుర్రాడు. రశ్మికి ఈ పిచ్చి బెంగళూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు పట్టింది. కరోనాకు అంగళ్లు మూసిన రోజుల్లో ఊసుపోక అవ్వకు చెప్పడం మొదలుపెట్టింది. కళ్లు ఇంగ్లీషు పేజీ మీద, నోట్లో తెలుగు. ఇప్పుడు ఆ పిల్లకు క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పార్కు ఆఫీసులో ఉద్యోగం. వారమంతా వ్యాన్లో పోయి రావడం, ఆదివారం మధ్యాహ్నం అవ్వ కుర్చీ పక్కన చాప వేసుకుని పుస్తకం తెరవడం.

కన్యకమ్మ భక్తిగా వినే మనిషి కాదు. తప్పు పట్టడానికే చెవి పెట్టేది.

"ఏడేర్లు పెట్టుకొని నీళ్లకోసరం కొట్లాడుకుంటాండారా? ఒక ఏరు ఈడికి పంపీమను. నాగలమడక కాడ పినాకినిలో ఇసుక తప్ప ఏమైనా కనపడ్తాదేమో వచ్చి చూసిపొమ్మను."

ఆదివారాలు వెనక గదిలో చింతపండు గింజ తీయడానికి వచ్చే వెంకటక్క కూడా వింటూ ఉండేది. మూడో పుస్తకంలో ఒక మాంత్రికుడు సూర్యుణ్ణి అద్దంలో పట్టి కోట మొత్తానికి వెలుతురు తెస్తాడు. రాజ్యమంతా నోరెళ్లబెడుతుంది. వెంకటక్క మాత్రం గింజ ఊడబెరుకుతూ, "మా చేన్లో ఇప్పుడు అయ్యే కదమ్మా ఉండేది, యాడ జూసినా సోలారోళ్ల అద్దాలే. మాకెవరూ కిరీటం పెట్టలేదే" అంది. ఆ మాటకు కన్యకమ్మ చాలాసేపు నవ్వింది. గడ్డపోడు ఆరు పుస్తకాల్లోనూ ఆవిడను అలా నవ్వించింది లేదు.

అంత చులకనైతే వినడమెందుకు? అందులో ఒక్క మనిషి కోసం. ఒడ్వినా అనే ముసలిరాణి. మొగుడు యుద్ధంలో పోతే, పసిబిడ్డను చంకనేసుకుని రాజ్యం గాదెలన్నీ తానే చూసుకుంది. ఏ కరువుకు ఎంత గింజ తియ్యాలో, ఎంత విత్తనం దాచాలో ఆవిడకే తెలుసు. కొడుకు పెద్దవాడై పట్టం కట్టుకోగానే తాళాలు తీసుకుని, తల్లిని బురుజు గదిలో మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టాడు. అక్కడినుంచి గడ్డపోడు కూడా ఆవిడను మరిచిపోయాడు. అధ్యాయానికి ఒకసారి కిటికీలో కనిపించేది, దగ్గేది, అంతే. కన్యకమ్మ ఆవిడకు ఓబులమ్మ అని పేరు పెట్టుకుంది. రశ్మి పుస్తకం తెరవగానే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఓబులమ్మ యాడుండాది?"

కన్యకమ్మ మొగుడు పోయినప్పుడు కొడుకు సదానంద ఇంకా పలక పట్టుకుని బడికి పోతున్నాడు. బజారు వీధిలో సరుకుల అంగడి. ఆడమనిషి గల్లాపెట్టె ముందు కూర్చోవడమేమిటని బంధువులు మూతి తిప్పారు. కూర్చుంది. హొసకోట నుంచి శెనక్కాయలు ఎప్పుడు దించుకోవాలో, ఏ ఊరి బెల్లం ఎన్నాళ్లు నిలుస్తుందో మగవాళ్లు ఆవిడను అడిగిపోయే రోజులొచ్చాయి. తర్వాత కళ్లు మసకబారాయి. సదానంద తాళాలగుత్తి తీసుకుని తల్లికి వెనక గదిలో మంచి కుర్చీ వేయించాడు. చెడ్డవాడు కాదు. కాఫీ వేళకు కాఫీ, మాత్రల వేళకు మాత్రలు. ఆవిడ వ్యాపారం మాట ఎత్తితే మాత్రం, "నీకెందుకు మా అదంతా, నిమ్మళంగా కూచో" అంటాడు.

పోయిన ఏడాది గోదాములో పాత అలమర తాళం దొరక్క సుత్తితో కొట్టించాడు. గుత్తి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టివుంటే చాలు. ఆ దెబ్బలు వింటూ కన్యకమ్మ తనలో తాను ఏదో గొణుక్కుంది. పక్కన రశ్మి ఫోను చూసుకుంటోంది. విన్నదని ఆవిడ అనుకోలేదు.

ఐదో పుస్తకం చివర ఒక అద్భుతం జరిగింది. రాజ్యంలో కరువు పడి విత్తనం కూడా మిగలనప్పుడు, ఎడ్రాన్ బురుజు మెట్లెక్కి ముసలిరాణి ముందు మోకరించి, "అమ్మా, విత్తనం ఎక్కడ దాచావు?" అని అడిగాడు. ముసలిరాణి నోరు తెరిచింది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

ఆ రోజు కన్యకమ్మకు అన్నం సయించలేదు. "ఇన్ని పుస్తకాలకు ఒక్కతూరి ముసల్దాన్ని ఒక మాట అడిగినారు. ఆమె చెప్పబోతే అట్ట మూసేసినాడు దొంగ నాయాలు" అంది. ఆ ముసలిరాణి ఏం చెప్పిందన్నది తెలుసుకోకుండా పోకూడదని గట్టిగా అనుకుంది. వెనక గదిలో కూర్చున్న మనిషికి ఎదురుచూడటానికి వేరే ఏముంది?

చివరికి ఆరో పుస్తకం వచ్చింది. కన్యకమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని బరువు చూసింది. "లావుగా ఉండాది. ఇంత లావులో మా ఓబులమ్మకు పది పేజీలన్నా ఇయ్యకుంటే వాని గడ్డం పీకాల్సిందే" అంది. "ఆదివారం దాకా నువ్వూ తెరవగాకు" అని రశ్మికి ఆంక్ష పెట్టింది. రశ్మి సరేనంది. సరేనని చెప్పి వ్యాన్లో చదువుకుంటుందని కన్యకమ్మకు తెలుసు, అడగలేదు.

ఆదివారం వచ్చింది. సదానంద ముందు అంగట్లో ఉన్నాడు. వెంకటక్క చింతపండు ముందేసుకుంది. రశ్మి పుస్తకం తెరిచింది గానీ మొదలుపెట్టలేదు. మాటిమాటికీ నీళ్లు తాగింది.

"ఏంది, బావి తవ్వినట్టు అన్ని నీళ్లు తాగుతాండావు? మొదలుపెట్టు."

"పెడ్తాండా అవ్వా." పేజీ తిరిగిన చప్పుడు. "ముసలిరాణి నోరు తెరిచింది."

వెంకటక్క చేతిలో గింజ ఆగింది. కన్యకమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"ఆమె అంది కదా, 'ఇన్నేళ్లకు అడిగావా నాయనా. విత్తనం ఎక్కడికీ పోలేదు. కోట పడమటి గదిలో, బూడిద కలిపి కుండల్లో పోసి మూతి మెత్తించాను. మూడు కరువులకు సరిపోతుంది. మీరు గాదెలన్నీ బద్దలు కొట్టారు. కత్తులు తిప్పారు. గుర్రాల మీద ఏడేర్లూ దాటారు. మెట్లెక్కి ఒక్క మాట అడగడానికి మాత్రం ఎవరికీ కాళ్లు రాలేదు.'"

"అబ్బ" అంది వెంకటక్క.

కన్యకమ్మ కుర్చీ చేతి మీద ఒక్క చరుపు చరిచింది. ఇదీ మాటంటే. గడ్డపోడు ఇన్నాళ్లకు మనిషయ్యాడు. ఇప్పటిదాకా తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకోవచ్చునేమో అని కూడా అనుకుంది. రశ్మి చెబుతూ పోతోంది. ముసలిరాణి బూడిద ఎందుకు కలపాలో చెప్పింది, కుండ మూతికి ఏ మట్టి మంచిదో చెప్పింది, కొడుకును కూడా వదల్లేదు.

"'తాళాలు తీసుకున్నాడు నా కొడుకు. ఏ తాళం ఏ తలుపుదో అడగలేదు. దొరక్కపోతే పగలగొట్టించాడు. ఆ గుత్తి నా చేతిలో పెట్టివుంటే చాలు, కళ్లు లేకపోయినా తడిమి చెప్పేదాన్ని.'"

 బజారులో ఆటో హారను కొట్టుకుంటూ పోయింది.

"రశ్మీ" అంది కన్యకమ్మ.

"ఆఁ అవ్వా."

"ఓబులమ్మకు కండ్లు బాగుండాయి గదే. కిటికీలోంచి ఏరు అవతల గుర్రాలను లెక్కపెట్టింది నాలుగో పుస్తకంలో."

రశ్మి మళ్లీ నీళ్ల గ్లాసు అందుకుంది.

"పైగా ఇంతసేపు చెప్పినావు, పేజీ ఒక్కటీ తిరగలేదు. అదీ వదిలేయ్. ఆ గడ్డపోడు ముసల్దాన్ని ఇంతసేపు మాట్లాడనిచ్చే రకం కాదు. వానికి అంత బుద్ధే ఉంటే మొదటి పుస్తకంలోనే అడిగించి ఉండు, కథ ఆడికే అయిపోయుండు."  "వాడేం రాసినాడో చదువు. ఉండేది ఉన్నట్టు."

"వద్దులే అవ్వా."

"చదువు."

రశ్మి చదివింది.  "'బురుజులో ముసలిరాణి అర్థంకానిదేదో గొణిగి కన్నుమూసిన ఆ చలికాలం గడిచాక, ఎడ్రాన్ తన కత్తిని నూరుకుని ఉత్తరానికి గుర్రమెక్కాడు.'"

"తర్వాత?"

"అంతే అవ్వా. గుర్రం గురించి పోతాండాది. విత్తనం కత్తే చూపిస్తాది వానికి."

కన్యకమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఆవిడకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దానికి ముందు దుఃఖం వచ్చింది. ఇన్నేళ్లు కిటికీలో నిలబెట్టి, నోరు తెరిపించి, నాలుగేళ్లు తెరిపించే ఉంచి, చివరికి గుర్రం ఎక్కేవాడి వాక్యంలో ముందు సగం ఇచ్చాడు. అది కూడా గొణిగిందట. అర్థం కాలేదట.

"అర్థం గాకపోతే మళ్ల అడగచ్చు గదా" అంది చివరికి, ఎవరితో అంటోందో తనకే తెలియకుండా. "పక్కనే ఉన్నాడు గదా ఆ పిల్లోడు. ఏమన్నావమ్మా అని ఒక మాట అడిగుంటే వాని సొమ్మేం పోయె?"

"నాకూ అట్లే అనిపించింది అవ్వా. అందుకే…"

"నువ్వు చెప్పిందే బాగుంది. వాడు నీ దగ్గర కూచోని నేర్చుకోవల్ల." కన్యకమ్మ చెయ్యి గాల్లో తడిమి మనవరాలి తల మీద ఆగింది. "అలమర పగలగొట్టిన ఆ పొద్దు ఫోను చూసుకుంటాండావనుకుంటిని. విన్నావా?"

"విన్నా."

కన్యకమ్మ తల ఊపింది. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది.

"ఓబులమ్మ పోతే ఎవరైనా ఏడ్చినారా? కాష్ఠం పేర్చినారా? తలకు నీళ్లు పోసుకున్నారా?"

"ఏమీ లేదవ్వా. రాయలేదు."

"రాయడు. వాని కత్తికి నూనె రాసింది రాస్తాడు. అంత పెద్ద రాజ్యంలో ఒక్క నాకొడుకు తలకు పోసుకోలేదంటే ఏం మనుషులే వాళ్లు? పో, బకెట్టు నింపు. చన్నీళ్లే. కట్టుబట్టల్తోనే పోసుకుంటా."

వెంకటక్క గింజలు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాలో వద్దో ఆమెకు తెలియలేదు. కన్యకమ్మ ముఖం చూసి నవ్వలేదు.

ఆవిడ గోడ పట్టుకుని స్నానాల గదివైపు నడుస్తుంటే సదానంద అంగట్లోంచి లోపలికి వచ్చాడు. మాటలు వినబడినట్టున్నాయి, ముఖం పాలిపోయింది.

"ఏమైంది మా? ఎవరు పోయినారు?"

"ఓబులమ్మ."

"ఏ ఓబులమ్మ? మన హొసకోటోళ్లలో ఎవురన్నానా? నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడు అడిగినావప్పా?"

"మనకు మైల ఉంటాదా? అంగడి మూసేయల్లా?"

కన్యకమ్మ గుమ్మంలో ఆగింది. కొడుకు నడుముకు వేలాడే తాళాలగుత్తి ఊపిరికి కూడా చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఆవిడ ఆ చప్పుడు వైపు ముఖం తిప్పింది.

"నీకు లేదు. ఆమె నీకేమీ కాదు. నువ్వు పోయి నిమ్మళంగా కూచో."

సదానంద అక్కడే నిలబడిపోయాడు. లోపల కొళాయి కట్టేసిన చప్పుడు, మళ్లీ వెంటనే విప్పిన చప్పుడు వినబడ్డాయి. రశ్మి రెండో బకెట్టు పెట్టింది.

"ఒకటి చాల్లే నాకు. అదెవరికి?"

"నాకు అవ్వా" అంది రశ్మి. "నాకుండాది మైల."