ఎదురుకాళ్ళ వైద్యం

మారేడ్‌పల్లి తాలీంలో, అంటే కసరత్తుశాలలో, బియ్యం బస్తా అంత బరువుండే రాతిగుండు ఒకటుంది. దాన్ని భుజానికెత్తగల మొనగాళ్ళు ఇద్దరే. ఒకడు వడ్రంగి బ్రహ్మచారి. పేరు చూసి మోసపోకండి, పెళ్ళయి ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. రెండోవాడు వెనకింటి నబీ. ఒకడు గుండు ఎత్తుతుంటే రెండోవాడు వెనక నిలబడి, నడుము తడబడితే బరువు అందుకోవాలి. అది తాలీం పద్ధతి.

పోలీస్ యాక్షన్ జరిగి ఇరవై రోజులైంది. రజాకార్ల పీడ వదిలిందని వీధంతా మిఠాయిలు పంచుకుంది. నబీ ఇంటి తలుపు మాత్రం ఆ రోజు బిగిసింది, మళ్ళీ తెరుచుకోలేదు. నబీకి రజాకార్లతో ఏ సంబంధమూ లేదని వీధికంతా తెలుసు. తెలిసి ఏం లాభం, ఒక్కడూ వెళ్ళి తలుపు తట్టలేదు. బ్రహ్మచారి రోజూ పొద్దున వెళ్దామనుకునేవాడు, నలుగురూ ఏమనుకుంటారోనని సాయంత్రానికి వాయిదా వేసేవాడు. తాటిచెట్టంత మనిషికి పిట్టంత ధైర్యం.

ఇరవై ఒకటో రోజు తన మీద తనకే కోపమొచ్చి, ఒంటరిగా తాలీంకు పోయి గుండు పట్టాడు. అది రొమ్ము దాకా వచ్చింది. అంతలో నడుము కలుక్కుమంది. అలవాటుకొద్దీ బరువు వెనక్కి వదలబోతే వెనక ఎవరూ లేరు. గుండు మట్టిలో పడింది, మనిషి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

భార్య దేవమ్మ నువ్వుల నూనె రాసింది, ఉప్పు కాపడం పెట్టింది. నడుము ససేమిరా అంది. ఇక ఎదురుకాళ్ళతో, తలకంటే ముందు కాళ్ళు బయటికొచ్చి పుట్టినవాళ్ళు నడుము తొక్కాల్సిందేనని ఆమె తేల్చేసింది. ఆ వీధిలో అలా పుట్టింది నబీ తల్లి ఖమర్ బీ ఒక్కతే. ఎన్నేళ్ళుగానో అందరి నడుములూ తొక్కింది ఆమే.

"నువ్వే పోయి ఆమె గడప మీద పండుకోవాలె. ఇంటికి పిలిపిస్తే ఫలితముండది" అంది దేవమ్మ.

ఈ నియమం బ్రహ్మచారి ఎన్నడూ వినలేదు. అప్పటికప్పుడు పుట్టించిందేమోనని అనుమానం. కానీ వంగిన మనిషి వాదించలేడు.

పట్టపగలు, వీధంతా చూస్తుండగా, నేల చూపులు చూస్తూ నడిచి ఆ తలుపు తట్టి, సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. "ఖాలా, నేను. నడుము పట్టేసింది." చాలాసేపటికి గడియ కదిలింది. వంగిన కళ్ళకు ముందు నబీ పాదాలు కనిపించాయి, తర్వాత కట్టిన మూటలు, తాడు బిగించిన ట్రంకుపెట్టె. మర్నాడు పొద్దుటి బండికి బొంబాయి, అక్కణ్ణుంచి ఓడలో కరాచీ అట. బ్రహ్మచారి సిగ్గుతో వంగిన తలను ఇంకాస్త వంచాడు.

"ఇన్ని రోజులు రాలే ఖాలా. భయమైంది. ఇప్పుడు గూడ నా నడుము తక్లీఫ్ కోసమే వచ్చిన."

"ముందు పండుకో బిడ్డా" అంది ఆమె.

గడప మీద బోర్లా పడుకున్నాడు. ఆమె బిస్మిల్లా అనుకుంటూ ఎడమకాలితో మూడుసార్లు తొక్కింది. నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు సరికదా, కాలిదాకా పాకింది.

"తగ్గిందా?" అడిగిందామె. ఇరవై రోజులుగా ఎవరికీ అక్కరలేకపోయిన మనిషి ఆశగా అడిగిన మాట అది. బ్రహ్మచారి పళ్ళు బిగబట్టి నిటారుగా లేచాడు. కళ్ళముందు చుక్కలు కనిపించాయి.

"తగ్గింది ఖాలా" అన్నాడు.

అలా నిటారుగానే ఇంటిదాకా నడిచి, లోపలికి పోయి చెక్కబల్ల మీద కూలబడ్డాడు.

సంగతి దేవమ్మ వీధి నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ చెప్పింది. మర్నాడు తెల్లారేసరికి సగం వీధికి నడుములు పట్టేశాయి. పాలాయన వచ్చాడు, దర్జీ వచ్చాడు, విసనకర్ర కంటే బరువైనది ఎన్నడూ ఎత్తని కమలాబాయి సుతారంగా నడుం పట్టుకుని వచ్చింది. ఎవరికీ ఖమర్ బీ ముఖంలోకి సూటిగా చూసే ధైర్యం లేదు. బోర్లా పడుకోవడం అందుకు వీలుగా ఉంది. వరసలో కూర్చోడానికి చోటు చాలక నబీ ట్రంకుపెట్టె వాకిట్లోకి లాగాడు. స్టేషనులో బొంబాయి బండి కూత పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నబీ వచ్చి, బల్లమీద పడి ఉన్న మిత్రుడి నడుము బొటనవేలితో నొక్కాడు. బ్రహ్మచారి కెవ్వుమన్నాడు.

"తగ్గలే గదా?"

"ఖాలాకు చెప్పకు."

నబీ అరచేతిలో నూనె పోసుకున్నాడు. "జెర పక్కకు తిరుగు. నేను వెనక లేకుంట ఇంకోసారి గుండు ముట్టకు" అన్నాడు.