సింహం పస్తు

పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కంపౌండరును అందరూ కంగారు అనే పిలుస్తారు. అసలు పేరు అతని పెళ్ళి శుభలేఖలో తప్ప ఇంకెక్కడా కనబడదు. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే ఒళ్ళంతా ఊగుతుంది, రెండూ ఆపమంటే వేళ్ళు బల్ల మీద దరువేస్తాయి. ఈమధ్య స్కూటరు మీద పోయేటప్పుడు ఐసు సంచి పొట్టకు కట్టుకుంటున్నాడు కాబట్టి, ఆ పేరుగల జంతువుకూ అతనికీ మిగిలిన ఆ కాస్త తేడా కూడా పోయింది.

సంచిలో ఉండేవి రొయ్యలు. ఇంటికి కాదు, సింహానికి.

అడవిలో సింహం కాదు లెండి. క్లినిక్కు ముందుగదిలో గోడ పొడవునా ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో ఒంటరిగా ఒక సింహం చేప. ఒంటినిండా ఎర్రచారలు, విసనకర్రల్లా విప్పుకున్న రెక్కలు, వీపు మీద విషపు ముళ్ళు. దాన్ని చూస్తూ జనం తమ పన్ను సంగతి మరిచిపోవాలని డాక్టరు ఉద్దేశం. దాన్ని సాకే పని కంగారుది. ఏడాదిన్నరగా రోజూ పొద్దున తలుపు తీయగానే అది ఈదుకుంటూ వచ్చి అద్దం దగ్గర నిలబడేది. ఇంట్లో అంత మర్యాద జరగదు. అతను వస్తున్నట్టు తాళంచెవుల చప్పుడుతో వీధి మొదట్లోనే తెలిసిపోతుంది కాబట్టి, గుమ్మంలోకి వచ్చేసరికి ఎవరూ తల ఎత్తరు.

చిక్కంతా ఒక కొట్టు మూతపడడంతో వచ్చింది. బతికున్న చిట్టి చేపపిల్లల్ని వారం వారం ఇచ్చే కొట్టు అది. ఇక మీదట సింహానికి బజారులో దొరికే చచ్చిన సరుకే గతి. సింహం మాత్రం కదలనిదాన్ని తిండిగా లెక్కపెట్టదు. అది ఏమీ ముట్టక పదకొండు రోజులైంది.

సోమవారం డాక్టరు తేల్చేశాడు. "ఏమయ్యా, ఇది డొక్కలెండి నా కళ్ళముందే తేలిపోతే వచ్చినవాళ్ళకి నా వైద్యం మీద నమ్మకం పోతుంది. శనివారం సాయంత్రంలోపు తిన్నదా, ఉంటుంది. లేదా, హోటలువాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తాను. వాళ్ళకి బతికున్న చేపలు దొరుకుతాయట."

"తింటుందండీ."

"ఎప్పుడు?"

"ఇదుగో, ఇప్పుడో అప్పుడో."

హోటలుకు పోతే దాని ఆకలి తీరుతుంది. ఆ సంగతి కంగారుకూ తెలుసు. తెలిసిందే మింగుడుపడలేదు. రోజంతా మనసు పీకుతూనే ఉంది. పళ్ళు పీకేచోట అది మామూలేననుకుని సరిపెట్టుకోబోయాడు గానీ, దీనికి మత్తుసూది లేదు.

ఇక మొదలైంది తిరుగుడు. మూడు చెరువుల నీళ్ళు తాగించడం విన్నాం గానీ, ఈ సింహం అతనిచేత మూడు బజార్ల ఐసునీళ్ళు తొక్కించింది. మంచినీటి చేప ముక్క పనికిరాదు, ఉప్పునీటి జీవికి అది ఒంటబట్టదు. పెద్ద దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే రొయ్యలు పనికిరావు, నిగనిగలాడడానికి వాటికి మందు పట్టిస్తారు. స్క్విడ్ అనే మెత్తటి సముద్రపు జీవిని తెచ్చి సన్నటి పట్టీలుగా కోశాడు. ఆల్చిప్పల మాంసం తెచ్చాడు. పెంకు తీసిన రొయ్య, తీయని రొయ్య, తలున్నది, తోక మాత్రమే ఉన్నది. జన్మలో ఎవరికీ పుల్లలు పెట్టి ఎరగని మనిషి, పొడుగాటి ప్లాస్టిక్ పుల్ల చివర ముక్క గుచ్చి పూటకు నాలుగుసార్లు చేప నోటి దగ్గర పెట్టాడు. సింహం ఒకసారి చూసి, అటు తిరిగి పోయేది. ముక్క నీళ్ళలో నానితే నీళ్ళు చెడతాయని మళ్ళీ తీసేవాడు. "ఉప్పు తిన్న విశ్వాసమైనా లేదే నీకు. వారం వారం కొలిచి కలిపేది నేనే కదా" అని దానితోనే పోట్లాడాడు.

ఇంట్లో ఫ్రిజ్జు పై అర మొత్తం సింహానిదే అయింది.

"ఏం తింటావని పెళ్ళయినప్పటినుంచీ నన్నొక్కసారి అడిగారా?" అంది భార్య.

"నువ్వు పదకొండు రోజులు తినకపోతే అడగనా?"

"అంతదాకా ఆగుతారన్నమాట."

శుక్రవారం పొద్దున బజారులో అతను ఎప్పుడూ కొనే చేపలక్క చెంప చేత్తో పట్టుకుని కూర్చుంది. చెంప బన్నులా ఉబ్బింది.

"ఐసులో పెట్టని రొయ్యలు కావాలక్కా. తలతో సహా."

"నువ్వూ నీ సోకులూ" అంది, నోరు సగమే తెరిచి. "నిన్న తల వద్దన్నావు. మొన్న పెంకు వద్దన్నావు. మీ ఇంట్లో ఎవరు తమ్ముడూ, ఇంత గీర?"

"ఇంట్లో కాదక్కా. మా క్లినిక్కులో."

"రోగికా?"

"తినకపోతే రోగే అవుతుంది." చేప సంగతంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె తక్కెడ గిన్నెను గోటితో టంగుటంగుమనిపిస్తూనే ఉన్నాడు. ఆమె గిన్నె లాక్కుని అవతల పెట్టింది.

"రేపు రా, ఆ పన్ను చూపించుకో" అన్నాడు.

"నాకు పీకుడంటే భయం."

"భయపడేవాళ్ళ కోసమే చేపని పెట్టారు."

శనివారం నాలుగింటికి హోటలు మేనేజరు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో చేపలక్క. ఎదురుగా కంగారు, పుల్ల చివర రొయ్య గుచ్చి, నీళ్ళలో దాన్ని ఎగరేస్తున్నాడు, దింపుతున్నాడు, గిరగిరా తిప్పుతున్నాడు. సింహం మూలకు పోయి రాతికి ఆనుకుంది.

చేపలక్క చాలాసేపు చూసింది. "తమ్ముడూ, ఏంటది?"

"రొయ్య. నీ దగ్గర కొన్నదే."

"అది తెలుసు. దానికేం వచ్చింది, చలిజ్వరమా?"

"బతికున్నట్టు కనబడాలని కదుపుతున్నానక్కా."

"బతికున్న రొయ్యను ఎప్పుడైనా చూశావా?"

కంగారు ఆలోచించాడు. చూసినవన్నీ ఐసు మీదే.

"నేను చిన్నప్పుడు మా నాన్న వెంట వల దగ్గరే పెరిగాను" అంది. "నీళ్ళలో రొయ్య ఊరికే ఉంటుంది. మీసాలు కదుల్తాయంతే. బెదిరితే వెనక్కి ఒక్క గెంతు గెంతి మళ్ళీ రాయిలా ఉండిపోతుంది. నువ్వు ఆడించేదాన్ని చూస్తే నేనే పారిపోతాను. పాపం, దానికి పారిపోడానికి అద్దం అడ్డం."

ఈ వారమంతా ఎన్ని బజార్లు మార్చాడో, ఎన్ని సరుకులు మార్చాడో అంతా అతని కళ్ళ ముందు తిరిగింది. మార్చనిది చెయ్యి ఒక్కటే.

పుల్లను దింపాడు. రొయ్య ఇసుకకు జానెడు ఎత్తున నిలిచింది. వెనక్కి ఒక్కసారి చిన్నగా లాగి ఆపాడు.

ఆపడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోను మోగింది. దాన్ని మోగనివ్వడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. లోపల పనిముట్లు ఉడికే యంత్రం కీచుమని పిలిచింది. "దూది!" అని డాక్టరు కేకేశాడు. మేనేజరు డ్రమ్ము మూత తీసి, మళ్ళీ పెట్టి, గడియారం చూశాడు. కంగారు మోచెయ్యి దురద పెట్టింది, ఆ తర్వాత మెడ, ఆ తర్వాత దురద పుట్టగల చోట్లన్నీ. కుడికాలు మడమ మీద లేవబోయింది. చేపలక్క లేచొచ్చి, చెంప పట్టుకున్న చెయ్యి తీయకుండానే, తన పాదంతో అతని పాదాన్ని తొక్కి పట్టింది.

"ఊపిరి తీసుకో, పోతావు" అంది మెల్లగా.

సింహం రాతిని వదిలింది. రెక్కలు పూర్తిగా విప్పింది. ముందుకు ఒక బెత్తెడు వచ్చి ఆగింది. ఫోను మళ్ళీ మోగింది. ఇంకో బెత్తెడు. రొయ్యకు ఎదురుగా తల వంచి, వలవేసినట్టు రెక్కలు రెండువైపులా చాచి, చూస్తూ ఉంది. కంగారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెప్ప వేస్తే కదిలినట్టవుతుందేమోనని వేయలేదు.

నోరు తెరవడం కనబడలేదు. పుల్ల చివర మాత్రం ఖాళీ అయింది.

"దూది అడిగి పావుగంటయింది" అంటూ డాక్టరు బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. చేప దవడలు ఆడుతున్నాయి.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క ముక్కకే తిన్నట్టు లెక్కా అండీ?"

"ఇంకోటి పెట్టవయ్యా" అన్నాడు డాక్టరు.

కంగారు చెయ్యి వణికింది. సంతోషానికి వణికినా చేపకు అది వణుకే. రెండో రొయ్యను మూడుసార్లు జారవిడిచాడు. చివరికి గుచ్చి, దింపి, ఒక్కసారి లాగి ఆపాడు. ఈసారి సింహం అంతసేపు ఆలోచించలేదు. మూడోదానికి ఎదురొచ్చింది. మేనేజరు డ్రమ్ము మూత గట్టిగా నొక్కి, నమస్కారం పెట్టి, మెట్లు దిగిపోయాడు.

"రా అమ్మా, నువ్వే తర్వాత" అని డాక్టరు చేపలక్కను పిలిచాడు.

"వస్తానండీ. ఈ కాలు వదిలితే ఇతను ఊగుతాడు. దాన్ని తిననివ్వండి." పన్ను పీకుడు ఇంకో పది నిమిషాలు వాయిదా పడినందుకు ఆమె ముఖంలో బాధేమీ కనబడలేదు.

ఫోను మూడోసారి మోగింది. డాక్టరు కాసేపు అక్వేరియం వైపు చూసి, తానే వెళ్ళి ఎత్తాడు.

"కంపౌండరా? ఆయన కదిలే వీల్లేదండీ. ఏం కావాలో నాతో చెప్పండి."