మేకు ఎరగని చెక్కపట్టీ

ఆత్మకూరులో మేం అద్దెకు దిగిన ఇంటికి అప్పుడే కొత్తగా రంగు వేయించి ఉన్నారు. లేత మీగడ రంగు. తాళం చేతికిచ్చే ముందు, పక్క వాటాలోనే ఉండే ఇంటామె సుబ్బరత్నమ్మ గారు నన్ను గోడ దగ్గరికి పిలిచి, అరచేత్తో నిమిరి చూపించారు.

"చూస్తివా? పసిబిడ్డ బుగ్గ మాదిరి ఉండాది. నీకు ముందున్నోళ్లు క్యాలెండరుకని మేకు కొట్టినారు. మర్నాడే సామాన్లు సర్దుకోమన్నాను. నీకూ అదే మాట. గోడ మీద చెయ్యి పడిందా, ఇల్లు ఖాళీ."

"కొట్టమమ్మా, ఒట్టు" అన్నాను.

ఆమె గోడ చూపిస్తుంటే నేను గేటు వైపు చూస్తున్నాను. దానికి పైన ఒక గడియ, కింద ఒక గడియ ఉన్నాయి. కలిగిరిలో మేమున్న ఇంటికి గడప దిగితే బస్సుల రోడ్డే. మా షారోన్‌కి నడక వచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఒకనాడు నేను బియ్యం ఏరుతూ తల ఎత్తేసరికి పిల్ల రోడ్డు మధ్యలో కూర్చుని ఉంది. ఎదురుగా బస్సు ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అందుకే గోడలు ఏ రంగైనా, ఇంటామె ఏమన్నా, ఆ రెండు గడియల కోసం ఈ ఇల్లు కావాలనుకున్నాను.

దిగిన వారానికి ఉదయగిరి నుంచి అమ్మ వచ్చింది. చంకలో పాత చీరలో చుట్టిన మూట, మనిషంత పొడుగుంది. చూడగానే నాకు తెలిసిపోయింది.

"కండక్టరు దీనికి కూడా టిక్కెట్టు కొడతానన్నాడే" అంది అమ్మ, మూట కిందికి దించుతూ. "సీట్లో కూర్చోబెట్టు, అప్పుడు తీసుకుంటా అన్నాను. బస్సులో అందరూ నవ్వినారు."

"ఇప్పుడెందుకు తెచ్చినావు మా?"

"అన్న కొత్త ఇంట్లో తలెత్తు దాకా టైల్స్ వేసినాడు కదా. ఇవి యాడ పెట్టేది? మంచం కిందుంటే చెదలు పడతాయి. మన డీకన్ గారు అడగతా ఉండారు. చర్చిలో వాక్యం చెప్పే దిమ్మె ఉండాది చూడు, దాని అంచుకు కొడతారంట."

"కొడతారా? మేకులతోనా?"

"మేకులు లేకుండా ఎట్టా నిలుస్తాయి? దేవుని ఇంట్లో ఉంటాయి కదా, మంచిదే అనుకున్నా. కానీ నీకు చెప్పకుండా ఇయ్యబుద్ధి కాలా. నీ గోడకు పెట్టుకుంటానంటే పెట్టుకో. లేదంటే ఆదివారం ఆరాధన అయినాక ఆయన ఈడికే వస్తాడు, ఆటో మాట్లాడుకొని."

చీర విప్పాను. ఆముదం వాసన గుప్పున వచ్చింది. దాంతోపాటు మా చిన్నప్పటి ఇళ్లన్నీ వచ్చేశాయి.

మా నాయన ప్రేమానందం ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాడు. కొండ మీది నార్ది కర్ర తెచ్చి, చేతిబాడితతో కొట్టి, ఆకురాయి పట్టి నున్నగా చేసేవాడు. ఆయనకు సొంత ఇల్లు లేదు. ఒక వీధిలో రెండేళ్లు, ఇంకో వీధిలో ఏడాది. ఏ ఇంటికి దిగినా అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక చెక్కపట్టీ చెక్కేవాడు. అది బెత్తెడు వెడల్పు ఉండేది. దాన్ని పాత పట్టీల పక్కన చేర్చి గోడ పొడవునా పెట్టేవాడు. మసీదు వీధి ఇంట్లో చెక్కినదాని మీద ద్రాక్షగుత్తులు. కొండ కింది ఇంట్లో చెక్కినదాని మీద చిలకలు. బస్టాండు వెనక ఇంట్లో ఉన్నప్పుడు నేను గొడవ చేస్తే దాని మీద ఒక బస్సు చెక్కాడు, చక్రాలు మాత్రం పువ్వుల్లా ఉంటాయి. ఆ ఇంట్లో ఉన్నప్పుడే నేను తొమ్మిదో తరగతి మానేశాను. పొద్దంతా ఆయన పక్కనే కూర్చుని పట్టీలకు నూనె రుద్దేదాన్ని.

మట్టిగోడైనా, సున్నం గోడైనా, సిమెంటు గోడైనా మా ఇల్లు మాత్రం ఒకటే అనిపించేది. పొద్దున కళ్లు తెరిస్తే అవే చిలకలు, అవే ద్రాక్షలు. అద్దం, దువ్వెన, లాంతరు, అన్న స్కూలు సంచి, అన్నీ ఆ పట్టీకే తగిలించుకునేవాళ్లం. కొత్త ఇంట్లో పట్టీ నిలబడ్డాకే ప్రార్థన, ఆ తర్వాతే అమ్మ పొయ్యి వెలిగించేది.

"మరి నాయన ఎట్టా పెట్టేవాడు మా?"

"వెనక ఏవో కర్రలుండేవి. అవి ఎట్టా నిలిచేవో నాకేం తెలుసు? ఆ పని చేసేటప్పుడు నన్ను లోపలికి రానిచ్చినాడా? వీధిలో సామాన్ల కాడ కాపలా కూర్చోబెట్టేవాడు. నువ్వే కదా ఆయన తోక మాదిరి లోపల తిరగతా ఉండింది."

నిజమే, లోపల ఉన్నాను. కానీ ఎన్నేళ్ల కిందటి మాట అది? గుర్తు చేసుకుందామంటే నాయన వీపు, చెమటకు తడిసిన బనీను తప్ప ఏమీ కనపడలేదు.

సాయంత్రం మా ఆయన దయాసాగర్ రైస్‌మిల్లు నుంచి వచ్చి పట్టీలు చూశాడు. "బీడింగ్ కదా ఇది! మేకెందుకు? రెండు పక్కలా అంటుకునే టేపు ఉండాది. ఫోన్‌లో చూసినాను, ఇనప సామాను కూడా మోస్తాది" అన్నాడు.

"పిల్ల మీద పడితే?"

"నీకు అన్నిటికీ పిల్ల మీద పడితేనే. ఆకాశం కూడా పడతాదేమో చూసుకో."

టేపు తెచ్చాడు. పట్టీల వెనక పొడుగునా అంటించి, అటక కింది గోడకు అదిమి పెట్టాం. నిలబడింది. అమ్మ కళ్లజోడు తుడుచుకుని బస్సు బొమ్మను చాలాసేపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం షారోన్‌కి అన్నం పెడుతున్నాను. తలపైన సర్రుమని చప్పుడైంది. పిల్లను ఎట్లా లాగానో నాకు తెలియదు. చిలకల పట్టీ కొస వచ్చి పప్పన్నం గిన్నెలో పడింది. మిగతావి దాని వెనకే ఒకటొకటిగా జారాయి. పిల్ల ఏడవలేదు, "చిల్క!" అని చప్పట్లు కొట్టింది. ఏడ్చింది నేనే.

టేపు గోడను వదల్లేదు, చెక్కనే వదిలేసింది. ఏటా క్రిస్మస్ ముందు పట్టీలు దించి ఆముదం రుద్దడం మా ఇంటి అలవాటు. ఇన్నేళ్ల నూనె తాగిన చెక్క దేన్ని అంటుకోనిస్తుంది? రుద్దిన చేతులు నావే. టేపు అంటించేటప్పుడు ఆ సంగతి తోచలేదు.

కంగారులో గోడ మీది టేపు పట్టుకుని లాగాను. దానితోపాటు మీగడ రంగు కూడా అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. చప్పుడుకి సుబ్బరత్నమ్మ గారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు.

"మేకు కాదమ్మా..." అన్నాను.

"మేకైతే బెజ్జమే పడేది. నువ్వు మేకపోతుకి తోలు ఒలిచినట్టు ఒలిచినావు గదమ్మే!" ఆమె పెచ్చు ఊడిన చోట చెయ్యి పెట్టి చూసి, పట్టీల వైపు తిరిగారు. "ఈ చెక్కలు ఉంటే మీరుండరు. మీరుండాలంటే ఇవి ఉండకూడదు. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది? గేటు గడియలు గుర్తొచ్చాయి. కలిగిరి బస్సు గుర్తొచ్చింది. అమ్మ పట్టీలు తుడిచి మళ్లీ చీరలో పెట్టసాగింది.

"పోనీలేమ్మే. బిడ్డ కంటే ఎక్కువా? చర్చిలో ఉంటే పదిమందీ చూస్తారు."

"అవును" అన్నాను. కానీ నార్ది చెక్కలో మేకు దిగే చప్పుడు నాకు అప్పుడే వినపడుతోంది. ఆ బస్సు బొమ్మలోనో, చిలక మెడలోనో దిగుతుంది.

అప్పుడే గాలి లేచింది. వీధి తలుపు, వంటింటి తలుపు రెండూ కదిలాయి కానీ కొట్టుకోలేదు. పిల్ల వేళ్లు నలుగుతాయన్న భయంతో నేను ప్రతి తలుపు కిందా పాత హవాయి చెప్పు కోసి ఒక ముక్క దోపి పెట్టాను. గాలి ఎంత తోసినా తలుపు అక్కడే బిగిసి నిలబడింది.

నేను ఆ చెప్పుముక్కనే చూస్తూ ఉండిపోయాను.

"చెప్పుముక్క ఏదిరా కన్నా? కింద పెట్టు. ఇంకోటి నా చేతికియ్యి."

నాయన గొంతు అంత దగ్గరగా వినపడి చాలా ఏళ్లయింది. ఆ మాటతో పాటు మిగతాదంతా వచ్చింది. గోడను ఆనుకుని నిటారుగా నిలబెట్టిన కర్రలు. కర్ర కింద నేను పెట్టిన రబ్బరు ముక్క. పైన దూలానికీ కర్రకూ నడుమ ఇంకో ముక్క, దాని కింద ఎదురెదురుగా దూర్చిన రెండు చెక్క చీలికలు. వాటిని రోకలిబండతో అటొకటి ఇటొకటి తట్టేవాడు. తట్టేకొద్దీ కర్ర నేలకూ దూలానికీ మధ్య బిగిసేది. గోడకు ఏమీ చేసేవాడు కాదు. గోడ ఊరికే వెనక ఉండేది, అంతే.

"మా! మూట కట్టొద్దు" అని చిలకల పట్టీ లాక్కుని వెనక్కి తిప్పాను. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డు కింద చిన్న గాడి ఉంది. గోరుతో గీకాను. ప్రతి పట్టీకీ రెండు కొసల్లో ఉన్నాయి. కర్రలోంచి పొడుచుకొచ్చిన కొయ్యచీల ఆ గాడిలో కూర్చునేది. నాయన కట్టినదాంట్లో సగం మా దగ్గర లేదు. ఇంటికో ఎత్తు కాబట్టి ఏ ఇంటి కర్రలు ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చేవాడు. మేం సగాన్ని పట్టుకుని గోడకు అంటిస్తున్నాం.

కర్రలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసు. మేడ మీద సుబ్బరత్నమ్మ గారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వేసిన పందిరి తాలూకు సర్వి కర్రలు పడి ఉన్నాయి. అడగడమే కష్టం. షారోన్‌ని చంకనేసుకుని వెళ్లాను, పిల్ల ఉంటే కొంచెం తక్కువ తిడతారేమోనని.

"ఇంకా ఏం ఒలుస్తావు? మేడా?" అన్నారు.

"గోడను తాకనమ్మా. కర్రలు నిలబెడతాను, అంతే. నచ్చకపోతే మీ ముందే తీసేస్తాను. పట్టీలు ఆదివారం వెళ్లిపోతాయి. మేం ఉంటాం."

ఆమె పిల్ల వైపు చూశారు. పిల్ల ఆమె ముక్కుపుడక వైపు చూస్తోంది.

"ఆ పెచ్చుకు రంగు మీరే వేయించాల."

"వేయిస్తామమ్మా."

"ఏ రంగో తెలుసా నీకు? మా వాడిని అడిగి డబ్బా నేనే ఇస్తాలే, నువ్వు ఇంకేదో పూస్తావు. పో, తీసుకోపో."

శనివారం సాయంత్రం మా ఆయన కర్రలు కోశాడు, నేను చెప్పినట్టు అటక ఎత్తు కంటే కొంచెం పొట్టిగా. "పొట్టిగా ఎందుకు? ఊగుతాది కదా" అన్నాడు. "పొట్టిగా ఉంటేనే బిగిసేది" అన్నాను. చీలలకు అమ్మ తన సంచిలోంచి నాయన చెక్కిన గరిటె తీసింది. తల విరిగినా కాడ పారేయక దాచుకుంది. ఒక్క క్షణం దాన్ని చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. మా ఆయన ఇనపకడ్డీ కాల్చి కర్రలకు బెజ్జాలు పెట్టాడు. గరిటె కాడ ముక్కలు వాటిలో బిగించాడు.

"అత్తా, నువ్వు బయట సామాన్ల కాడ కూర్చో" అన్నాడు నవ్వుతూ.

"పోరా. ఇన్నాళ్లూ కూర్చుంది చాలు. ఈసారి చూస్తా" అని అమ్మ గది మధ్యలో పీట వేసుకుంది.

కింద రబ్బరు ముక్కలు నేను పెట్టాను. అటక బండ కింద చీలికలు దూర్చి, చపాతీ కర్రతో తట్టాను, అటొకటి ఇటొకటి. మొదట కర్ర కటకటలాడింది. తర్వాత చప్పుడు మారింది. గట్టి చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. అది వినగానే నాయన వెనక్కి జరిగి, భుజం మీది తువ్వాలు తీసి పట్టీకి వేసి, "పడదులే" అనేవాడు.

పట్టీలు ఒకటొకటిగా చీలల మీద కూర్చున్నాయి. ద్రాక్షలు, చిలకలు, పువ్వుల చక్రాల బస్సు. పెచ్చు ఊడిన చోటు చిలకల వెనక్కి పోయింది.

ఆదివారం ఆరాధన ముగిశాక డీకన్ గారు ఆటోలో వచ్చారు. ఆయన వెనకే సుబ్బరత్నమ్మ గారూ వచ్చారు. ఆమె వస్తూనే కర్రను రెండు చేతులా పట్టుకుని ఊపారు. అది కదల్లేదు. పట్టీకి వేలాడినంత పని చేశారు. తర్వాత కర్రకూ గోడకూ నడుమ వేలు దూర్చి, ఆ వేలికి రంగేమన్నా అంటిందా అని చూసుకున్నారు.

"ఖాళీ చేసేటప్పుడు నా కర్రలు?"

"కర్రలు మీకే వదిలేస్తామమ్మా. పట్టీలు మాతో వస్తాయి."

"ఊ" అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ బస్సు ఏ డిపోదమ్మే?" అన్నారు. సమాధానం కోసం ఆగలేదు.

డీకన్ గారు తల గోక్కుని, అమ్మతో "ఇంక దీన్ని పీకమనేదానికి నాకు నోరు రాదు శీనమ్మా" అన్నారు. అమ్మ ఆయనకు ప్రార్థన చేయమని చెప్పింది. చిన్న ప్రార్థనే చేశారు, బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఆయన వెళ్లాక అమ్మ లేచి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. టీ పెట్టడానికే. కానీ అగ్గిపుల్ల గీసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి పట్టీని చూసింది.

తిన్నాక షారోన్‌కి నిద్ర వచ్చింది. చాప ఎప్పుడూ అటు పక్క గోడకు వేస్తాను. పిల్ల చాప లాక్కుని చిలకల కిందికి తెచ్చుకుంది.

"అక్కడొద్దు కన్నా" అన్నాను. వినలేదు. పైకి వేలు చూపిస్తూ, చిలకల్ని తన లెక్కలో లెక్కపెడుతూ కళ్లు మూసింది.

నేను పక్కన కూర్చుని కర్రకు చెయ్యి ఆనించి పట్టుకున్నాను. బయట ఏదో లారీ పోయింది, నేల సన్నగా అదిరింది. కర్ర అదరలేదు. నా తువ్వాలు తీసి పట్టీకి వేశాను. "పడదులే" అన్నాను, పిల్లకు కాదు.

తర్వాత చెయ్యి తీసేసి, అక్కడే పిల్ల పక్కన పడుకున్నాను.