అద్దంలో అయిదు

మెట్ల కింద చీపుర్లనూ పాత చెప్పులనూ పక్కకు నెట్టి, మోకాళ్ల కింద గోనెసంచి మడత వేసుకుని వంగితే గాని ఆ ఇంటి మీటరు మొహం చూపించదు. అతను వంగాడు. అంకె చూశాడు, పెదాలతో చదివాడు, పుస్తకంలో రాశాడు, రాసినదాన్ని మళ్లీ మీటరుతో పోల్చుకున్నాడు. ఆ తర్వాతే జేబులోంచి ఆఫీసు ఫోను తీసి అందులో నొక్కాడు. ముందు కాగితం, తర్వాత ఫోను. ముప్పై ఒక్క ఏళ్లుగా వేళ్లకు పట్టిన వరస అది.

సన్నటి మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది, సంచి బరువుకి. పెన్సిలు దోపీ దోపీ కుడి చెవి మీద చిన్న గాడి పడింది. ఒక చేతిలో పుస్తకం, రెండో చేతిలో వెదురు కర్ర. కర్ర చివర గడ్డం గీసుకునే చిన్న అద్దం, రాగితీగతో కట్టినది. మీటర్లు బిగించేవాళ్లకి చదివేవాళ్ల మీద ఏనాడూ దయలేదు. అటకల మీద, బీరువాల వెనక, గొట్టాల సందుల్లో, ఎక్కడ చెయ్యి దూరితే అక్కడ బిగించి పోయారు. తల దూరని చోటికి అతను అద్దాన్ని పంపేవాడు. అందుకే ఈ నాలుగు వీధుల్లో అతని పేరు ఎవరికీ తెలీదు. అందరికీ అద్దాలాయన.

"రేపట్నుంచి గాలివాన సుంకం తీసేస్తున్నారంట, నిజమేనా అద్దాలాయనా?" పై మెట్టు మీంచి ఇంటి ముసలాయన అడిగాడు.

"నిజమే బాబుగారూ. తీసేస్తున్నారు, మిగతా పన్నులో సగం కూడా."

"తొమ్మిదేళ్ల కిందట వచ్చిన గాలివానకి స్తంభాలు పడిపోతే, రెండేళ్లు కట్టండి చాలన్నారు. గాలి పోయింది, వాన పోయింది, స్తంభాలు లేచి నిలబడ్డాయి. సుంకం మాత్రం ఇల్లరికం అల్లుడిలా కూర్చుంది. మరి బిల్లు సగమవుతుందా?"

"సగం ఎక్కడిది బాబుగారూ! కరెంటు ధర అదే. తీగల అద్దె అదే. పైన వేసుకున్న కోటు విప్పారు, అంతే. లోపల మనిషి ఎంత లావో అంతే లావు."

ముసలాయన పకపకా నవ్వాడు. అద్దాలాయన మోకాళ్ల దుమ్ము దులుపుకుని పక్కింటికి నడిచాడు.

ఆ రోజు అతని నడకలో ఒక బిగువు ఉంది. రేటు రేపు పొద్దున మారుతుంది. అంటే ఇవాళ అతను రాసే అంకె పొలం గట్టు మీద సరిహద్దు రాయి లాంటిది. దానికి ఇవతల కాలిన ప్రతి యూనిట్‌కీ పాత రేటు, అవతల కాలబోయేదానికి కొత్త రేటు. రాయి జానెడు జరిగితే ఎవడిదో జానెడు నేల పోతుంది. తాళం ఉన్న ఇళ్లకీ చేతికందని మీటర్లకీ పాత నెలల సగటు వేసెయ్యమని ఆఫీసు చెప్పింది. మిగతా రీడర్లు మధ్యాహ్నానికే ముగించారు. అతను మాత్రం రెండొందల పన్నెండు మీటర్లకి రెండొందల పన్నెండూ చూడాలనుకున్నాడు. తాళం వేసినవాళ్లకి ముందురోజే చీటీలు అంటించి తాళంచెవి పక్కింట్లో పెట్టించాడు.

ఇంకొకటి కూడా ఉంది. వచ్చే నెల నుంచి కొత్త మీటర్లు. వాటి అంకె అవే ఆఫీసుకి చెప్పుకుంటాయి. మనిషి వెళ్లి చూడటం ఇవాళ్టితో సరి. రేపు సంచీ ఫోనూ అప్పగించి ఇంటికి పోవడమే. ఆ సంగతి అందరికీ తెలుసు, అతను మాత్రం ఎత్తలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు తెల్ల చొక్కా ఒకటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు, దారిలో ఇస్త్రీ చేయించుకుందామని.

ఇస్త్రీ అక్క ఇల్లు రెండొందల పదకొండోది. వీధివైపు ఒకటే గది. పొడుగాటి బల్ల, దాని మీద మాడిన దుప్పటి, బల్ల కింద చల్లబడి ఉన్న ఇస్త్రీపెట్టె. మూలన కట్టలు కట్టలుగా తెల్ల దుప్పట్లు. ఆమెకు యాభై దాటాయి. కుడి మణికట్టు ఇంకా పాలిపోయి ఉంది, నాలుగు రోజుల కిందటే కట్టు విప్పారు.

"ఇన్ని దుప్పట్లు పెట్టుకుని పెట్టె చల్లగా ఉందేంటి చెల్లెమ్మా?"

"లాడ్జి వాళ్లవి. నిన్ననే పడేసిపోయారు. రేపు తెల్లారేదాకా ప్లగ్గు పెట్టను అన్నయ్యా. నెలరోజులు చెయ్యి విరిగి కూర్చున్నదాన్ని, ఒక్కరోజు కూర్చోలేనా? ఆ సుంకం మొహాన ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కొట్టను."

"పంతం పట్టావన్నమాట."

"పేదోళ్లకి ఉండేదే అది."

ఆమె మీటరు అటకకీ గోడకీ మధ్య జానెడు సందులో, కప్పు దగ్గర ఉంది. అతను బల్ల ఎక్కి, కర్ర పైకి చాచి, అద్దాన్ని మెల్లగా తిప్పాడు. బూడిదరంగు గాజులో అంకెలు కుడి ఎడమై మెరిశాయి. 81501. అతను చాలాసేపు చూశాడు. మిగతా ఇళ్లలో ఒకసారి చూసేది ఈ ఇంట్లో మూడుసార్లు చూస్తాడు. ఎందుకో ఆమెకీ తెలుసు.

పందొమ్మిదేళ్ల కిందట, క్యాలిక్యులేటర్లోలా గీతల అంకెలుండే మీటర్లు కొత్తగా వచ్చినప్పుడు, ఇదే సందులో అతను పొరపాటు పడ్డాడు. అద్దంలో అంకెల వరస తిరగబడుతుందని తెలుసు, వెనకనుంచి చదివాడు. కాని గీతలతో రాసిన రెండు అద్దంలో అచ్చు అయిదులా ఉంటుందనీ, అయిదు రెండులా ఉంటుందనీ తట్టలేదు. మూడొందల యూనిట్లు ఎక్కువ పడ్డాయి. ఆమె భర్త ఆఫీసుకి వెళ్లి అడిగితే, కాల్చేటప్పుడు తెలీదా అని పంపేశారు. అద్దాలాయన మాత్రం రెండు రోజులు నిద్ర లేకుండా ఆలోచించి, మళ్లీ వచ్చి, నిచ్చెన వేసుకుని కప్పు పెంకు తీసి పైనుంచి చూశాడు. తప్పు నాదే అని తనే కాగితం రాసిచ్చాడు. మెమో ఇచ్చారు. ఆ మెమోని పుస్తకం అట్టలో దాచుకున్నాడు. ఇంట్లో ఆవిడ దాన్ని చూసి, "అందరూ సన్మానపత్రాలు దాచుకుంటారు, మీరేమో ఇది" అని ఎత్తిపొడిచేది.

10218. పుస్తకంలో రాశాడు. ఫోనులో నొక్కాడు. ఫోను ఎర్రగా అయి, ఫోటో కావాలంది. కిందటి నెల 10190. నెలకి ఇరవై ఎనిమిదే యూనిట్లా అని దాని అనుమానం. అతను అద్దాన్నే ఫోటో తీసి పంపాడు.

"ఏమైంది అన్నయ్యా?"

"నీ చెయ్యి విరిగిందని దానికి తెలీదుగా. నే వెళ్లి చెప్తాలే."

ఆఫీసులో అయిదు కావస్తోంది. అయిదున్నరకి లెక్క మూసేస్తారు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తెర మీద వేలు పెట్టింది.

"బాబాయ్‌గారూ, మీ రెండొందల పన్నెండులో ఇదొక్కటే ఆగింది. సగటు ప్రకారం 10518 రావాలి. మీ ఫోటో నేను తిరగేసి చదివాను, అందులోనూ 10518 అనే ఉంది. మీరే పొరపాటున రెండు కొట్టారు. మార్చేస్తున్నా."

"మార్చకు తల్లీ. అది రెండే."

సెక్షను ఆఫీసరు తల ఎత్తాడు. అతని వయసు అద్దాలాయన సర్వీసంత ఉంటుంది. ఎదురుగా అద్దాలాయన ఫైలే ఉంది, రేపటి కాగితాల కోసం తెరిచింది.

"మాస్టారూ, సగటూ అదే చెప్తోంది, ఫోటో అదే చెప్తోంది. అదే ఇంటి మీద మీకు మెమో కూడా ఉంది, పొద్దునే చూశాను. అప్పుడు రెండుని అయిదన్నారు, ఇప్పుడు అయిదుని రెండంటున్నారు. ఆఖరిరోజు ఎందుకండీ ఈ పేచీ? ఎక్కువ పడితే వచ్చే నెల సర్దుబాటవుతుంది."

అద్దాలాయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం లేవలేదు.

"యూనిట్లు సర్దుబాటవుతాయి సార్. రేటు సర్దుబాటవదు. ఆవిడ రేపు కాల్చబోయే మూడొందల యూనిట్లకి ఇవాళే పాత సుంకం వేసినట్టవుతుంది. ఆ సుంకం తప్పించుకోవడానికే ఆవిడ పని పక్కన పెట్టుకుని కూర్చుంది."

"మరి ఫోటో?"

అద్దాలాయన అమ్మాయి బల్ల మీది క్యాలిక్యులేటరు అందుకున్నాడు. 10518 నొక్కాడు. కర్ర చివరి అద్దాన్ని దాని ముందు పెట్టాడు.

"చదువు తల్లీ."

"ఎనిమిది, ఒకటి..." అమ్మాయి ఆగింది. "అదేంటి, రెండు కనిపిస్తోంది!"

అతను దాన్ని చెరిపి 10218 నొక్కి మళ్లీ పెట్టాడు. అద్దంలో 81501. అమ్మాయి తెర మీది ఫోటో వైపు చూసింది, అద్దం వైపు చూసింది. రెండూ ఒకటే.

"అద్దంలో అయిదు ఉందంటే మీటర్లో రెండు ఉన్నట్టు," అన్నాడతను. "నేర్చుకోవడానికి నాకో మెమో ఖర్చయింది సార్. దాన్ని వృథా చెయ్యను."

ఆఫీసరు లేచి వచ్చి, తనే క్యాలిక్యులేటరు పట్టుకుని రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు, బొమ్మ దొరికిన చిన్నపిల్లాడిలా. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కించమ్మా. రెండే." ఒక క్షణం ఆగి, "ఇది మిగతా రీడర్లకి తెలుసా?" అన్నాడు.

"అందరికీ నేనే నేర్పాను సార్."

బయటికి వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా వాలింది. అతని భుజాలు రెండూ ఆ కాసేపు సమానంగా ఉన్నాయి. మెట్లు దిగుతుంటే ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. నిలబడి, ఊపిరి తీసుకుని, నడిచాడు. పొద్దుట్నుంచీ ఎక్కిన మెట్లు తక్కువా?

ఇస్త్రీ అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నిలబడింది చెల్లెమ్మా. పది వేల రెండొందల పద్దెనిమిది. నీ రాయి నీ గట్టునే ఉంది."

ఆమె బల్లకి ఆనుకున్న బెంచీ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. అతను కూర్చుని, సంచిలోంచి తెల్ల చొక్కా తీశాడు.

"రేపు పొద్దున్నే వేసుకోవాలి. నీ పంతం ప్రకారం రేపే చేద్దువుగాని, తెల్లారాక."

"ఇటియ్యి. రేపు నువ్వు ముడతల చొక్కాతో వెళ్తే ఆ పరువు తక్కువ నాది." ఆమె ప్లగ్గు పెట్టింది. "ఇదొక్కటే పాత రేటుకి. పోనీ, సుంకమోళ్లు ఆఖరిసారి బతికిపోనీ!"

"అంకె రాసేశాంగా చెల్లెమ్మా, ఇది కూడా కొత్త రేటుకే," అతను నవ్వాడు. ఆమె చొక్కా మీద నీళ్లు చిలకరించింది. పెట్టె బుస్సుమంది. నెలరోజుల తర్వాత ఆ గదిలో మళ్లీ వేడి బట్ట వాసన. కాలరు తిప్పి నొక్కుతూ, వీపు అతనివైపే ఉండగా మాట్లాడింది.

"రేపట్నుంచి ఏం చేస్తావు అన్నయ్యా? వదిన నిన్ను ఇంట్లో భరించాలిగా."

"దానికీ ఓ మీటరుంది. ఎక్కువ తిరక్కుండా చూసుకుంటా."

ఆమె ఫక్కున నవ్వింది. చొక్కా చేతులు పూర్తిచేసింది, జేబు చదును చేసింది. ఆ జేబు మీద పెన్సిలు మరక ఎన్ని ఉతుకులకీ పోలేదని అంది. జవాబు రాలేదు. అలిసిపోయాడు, పడుకోనీ అనుకుని, చొక్కా వీపు మీద పెట్టె మెల్లగా నడిపింది. మడత వేసి, ప్లగ్గు తీసి, రెండు చేతుల మీద చొక్కా పెట్టుకుని తిరిగింది.

అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. మొహం, అంకె సరిచూసుకుని పుస్తకం మూసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఆమె పిలిచింది. భుజం పట్టుకుని పిలిచింది. ఆమె చేతుల్లో చొక్కా ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ చొక్కానే అతనికి వేశారు.

కొత్త నెలలో బిల్లు వచ్చింది. లాడ్జి దుప్పట్లన్నీ అందులోనే ఉన్నాయి. గాలివాన సుంకం అన్న గీత దగ్గర సున్నా. తగ్గింది మేడలు కట్టేంతేం కాదు, చేతికి రాసుకునే మందు సీసాకి సరిపోయేంత. ఇస్త్రీ అక్క దాన్ని మడిచి పట్టుకుని అతని ఇంటికి వెళ్లింది. అతని భార్య కళ్లజోడు పెట్టుకుని ముందు కింది మొత్తం చూడలేదు. మొదలు అంకె వెతికింది. 10218 దగ్గర వేలు ఆపి, చాలాసేపు అక్కడే ఉంచింది.

"సరిగ్గానే రాశారు," అంది.

"ఆయన రాసింది తప్పెప్పుడు పోయింది వదినా!"

"ఒక్కసారి పోయింది. ఆ మెమో పుస్తకంలోనే ఉంది. మావాళ్లందరికీ చూపిస్తున్నా." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సంచీ ఫోనూ ఆఫీసు వాళ్లు తీసుకెళ్లారు. కర్ర తీసుకోలేదు, వాళ్ల జాబితాలో లేదంట. నీ దగ్గరే ఉందిగా, ఉంచుకో."

కొత్త మీటరు ఇస్త్రీ అక్క గుమ్మం పక్కనే, కంటికెదురుగా బిగించారు. దాన్ని చూడటానికి వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. అయినా బల్ల పక్క మేకుకి వెదురు కర్ర వేలాడుతూనే ఉంది, చివర అరచేతి అంత అద్దం, రాగితీగ కట్టు దగ్గర పెన్సిలు పొడి ఇంకా నల్లగా.